అన్నం కుప్పా, నెత్తుట్లో కొవ్వూ

“నూనె చుక్క వెయ్యట్లా. నెయ్యి మానేసి శానా రోజులైంది. గుడ్డులో సొన పిల్లకాయలకి పెట్టి తెల్లది నేను తింటున్నా. అయినా కొవ్వు తగ్గలా అబ్బయ్యా!” అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు సుగరున్న పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే ఈ మాట వినకుండా లేవలేం. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే నూనె తగ్గించారు, నిజంగానే రిపోర్టు మారలేదు. ఏం తింటున్నారని అడిగితే కూరలూ నూనెలూ వరసగా చెబుతారు గానీ అన్నం పేరెత్తరు. అన్నం ఎలాగూ ఉండేదే కదా, దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఏమిటన్నట్టు ఉంటుంది. అసలు లెక్క అక్కడే ఉంది.

ఆ రిపోర్టు కాగితం చేతికి తీసుకుని చూద్దాం. మన దగ్గర తరచుగా కనిపించే వరస ఇలా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాల్సింది 250, 300. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 దాటాల్సింది 35 దగ్గరే ఆగిపోతుంది. చెడ్డదని పేరుపడ్డ ఎల్‌డీఎల్ మాత్రం ఓ మోస్తరుగా ఉంటుంది. ఇది ఒక్క మన నెల్లూరు జిల్లా సంగతే కాదు. భారత వైద్య పరిశోధనా మండలి సాయంతో జరిగిన ఇండియాబ్ సర్వే తొలిదశలో కొలిచిన కొవ్వుల ఫలితాలు 2014లో వచ్చాయి. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపిన ఆ పరీక్షల్లో 72.3 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా, 29.5 శాతానికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా తేలాయి. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు 11.8 శాతమే. అంటే మనవాళ్లలో ‘కొవ్వు ఎక్కువ’ అన్నప్పుడు చాలాసార్లు అది ట్రైగ్లిజరైడ్ల మాట. ఈ ట్రైగ్లిజరైడ్లలో చాలా భాగం నూనె సీసాలోంచి రావు, కాలేయంలో తయారవుతాయి. దానికి ముడిసరుకు అందించేవాటిలో పిండిపదార్థం ముఖ్యమైంది.

బియ్యపు గింజలో మూడొంతులకు పైగా పిండే. ఆ పిండి అంతా గ్లూకోజు అణువుల గొలుసు. పచ్చి గింజలో ఆ గొలుసులు బిగదీసుకుని ఉంటాయి. ఎసట్లో ఉడికేటప్పుడు నీళ్లు తాగి ఉబ్బి విడిపోతాయి. నోట్లోని లాలాజలంతో మొదలై చిన్నపేగులో పూర్తయ్యే జీర్ణక్రియ ఆ గొలుసులను గబగబా తుంచి గ్లూకోజుగా రక్తంలోకి వదులుతుంది. ఇక్కడ ఒక కొలత గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి రక్తం మొత్తంలో ఏ క్షణంలోనైనా ఉండే గ్లూకోజు దాదాపు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. 150 గ్రాముల బియ్యం వండుకుని ఒక పూట తింటే పేగులోంచి వచ్చేది 115 గ్రాములకు పైనే. చెంచాడు పట్టే చోటికి ఇరవై చెంచాలకు పైగా వచ్చి పడుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే పక్కకు తీసి సర్దమని క్లోమం ఇన్సులిన్ విడుదల చేస్తుంది.

సర్దేచోటు ప్రధానంగా రెండు: కాలేయం, కండలు. కాలేయంలో 100 గ్రాముల దాకా, ఒంట్లోని కండలన్నిటిలో కలిపి 300 నుంచి 400 గ్రాముల దాకా గ్లూకోజు గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. అనంతసాగరం చెరువు నిండితే ఏమవుతుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కలుజు మీదుగా నీళ్లు పొర్లుతాయి. పొలాలు తడిసి చెరువు ఖాళీ అవుతుంటే కొత్త నీటికి చోటుంటుంది. వాడకం లేకుండా వరద వస్తూనే ఉంటే కలుజు పారడం ఆగదు. కండలు పని చేసి నిలవ ఖర్చుపెడితే మధ్యాహ్నం అన్నం అందులోకి వెళ్తుంది. పొద్దున తిన్నదే ఖర్చుకాకపోతే మధ్యాహ్నానిది కాలేయానికి వెళ్తుంది. కాలేయం ఆ గ్లూకోజును కొవ్వు ఆమ్లాలుగా మార్చి, వాటితో ట్రైగ్లిజరైడ్లు కట్టి, వీఎల్‌డీఎల్ అనే పొట్లాల్లో పెట్టి రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినని స్థితిలో ఇంకో చిక్కు కూడా తోడవుతుంది. పొట్టచుట్టూ ఉన్న కొవ్వు కణాలు తమ నిలవను ఆపుకోలేక కాలేయం మీదికి వదులుతాయి, ఆ పొట్లాలు ఇంకా పెరుగుతాయి. మిగిలిన కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని రాసిచ్చేది దాన్నే.

హెచ్‌డీఎల్ తగ్గడం కూడా ఈ వరసలోనే జరుగుతుంది. రక్తంలో వీఎల్‌డీఎల్ పొట్లాలు ఎక్కువైతే, అవి తమ ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌కు ఇచ్చి దాని దగ్గరి కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. ట్రైగ్లిజరైడ్లు నిండిన హెచ్‌డీఎల్ ఎక్కువసేపు నిలవదు, త్వరగా కరిగిపోతుంది. ఎల్‌డీఎల్ కణాలకూ ఇదే మార్పిడి జరిగి అవి చిన్నవిగా, చిక్కగా మారతాయి. రిపోర్టులో ఎల్‌డీఎల్ 110 అని మామూలుగా కనిపించినా లోపల కణాల సంఖ్య ఎక్కువగా ఉండవచ్చు. అందుకే సుగరున్న మనిషి ‘నా ఎల్‌డీఎల్ బాగానే ఉందిలే’ అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

‘నేను లావు లేను కదా’ అనేవాళ్లు ఇంకొందరు. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, పొట్టలోపలి కొవ్వు ఎక్కువ అని చెప్పడానికి వాళ్లిద్దరూ తమ శరీరాలనే చూపించారు. కండ తక్కువంటే గ్లూకోజు దాచుకునే చోటు తక్కువ. అదే అన్నం ఇంకొకరికి సరిపోయినంత మాత్రాన మనకూ సరిపోతుందని చెప్పలేం.

మన పడమటి నెల్లూరులో ఈ అన్నం కుప్ప ఎప్పటినుంచీ లేదు. చెరువు కింద, పెన్నా ఒడ్డున వరి ఉంది, మొలగొలుకుల బియ్యానికి నెల్లూరు పేరు దేశమంతా తెలుసు. కానీ మర్రిపాడు నుంచి ఉదయగిరి, సీతారామపురం దాకా మెట్ట. అక్కడ సజ్జ, జొన్న, రాగి, ఆరిక, వరిగ పండేవి. సంగటి, అంబలి రోజువారీ తిండి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. అనంతసాగరం మండలంలోనే పెన్నా మీద సోమశిల కట్టారు, 78 టీఎంసీల జలాశయం. దాని కింద కాలువలు పారినచోటల్లా వరి పరుచుకుంది. నీళ్లు రాని ఊళ్లకు బియ్యం వేరే దారిలో చేరింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. ఆకలితో పడుకునే ఇళ్లలో అది చేసిన మేలు చిన్నది కాదు. ఈ వ్యాసంలో దాన్ని తప్పుపట్టే ఉద్దేశం లేదు. దానితోపాటే సజ్జలు దంచడం, జొన్నలు విసరడం మానేసి రోజూ మూడుపూటలా వరన్నం తినడం మొదలైంది. ఇప్పుడు రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తున్నాయి. రోజుకు పంచితే 167 గ్రాములు, అందులో పిండిపదార్థం 130 గ్రాములు. ఇంటి పంటా, అంగట్లో కొన్నదీ దానికి అదనం.

ఇదే కాలంలో ఒంటిపని తగ్గింది. నాగలి పోయి ట్రాక్టరు, కొడవలి పోయి కోతమిషను, సైకిలు పోయి బండి వచ్చాయి. వంగి నాట్లేసిన అవ్వ తిన్న కంచాన్ని, టీవీ ముందు కూర్చునే మనవడు యథాతథంగా తింటున్నాడు. ఆమె కండలు సాయంత్రానికి ఆ అన్నాన్ని ఖర్చుపెట్టేవి.

తవుడు పోయిన బియ్యం మన ఆరోగ్యాన్ని దెబ్బతీయడం ఇది మొదటిసారేమీ కాదు. మరపట్టిన తెల్లబియ్యం మీదే బతికిన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేది. తవుడుతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ పోవడం దానికి కారణం. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాలే పెరిగి, 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ 2017లో అచ్చువేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టిక మన లెక్కలకు ఆధారం.

ఇక కంచం తూకం వేద్దాం. నిజంగానే వేయండి. వంటింటి త్రాసు లేకపోతే వండకముందు బియ్యం కొలవండి. 100 గ్రాముల బియ్యం వండితే రమారమి 280 గ్రాముల అన్నం అవుతుంది, అందులో పిండిపదార్థం 78 గ్రాములు. మనవైపు పెద్దమనిషి ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వండుకోవడం ఎక్కువేమీ కాదు. అన్నంగా చూస్తే 400 గ్రాములు దాటుతుంది. మధ్యాహ్నం, రాత్రి కలిపి 235 గ్రాముల పిండిపదార్థం. పొద్దున నాలుగు ఇడ్లీలకు 40. రెండేసి చెంచాల చక్కెరతో మూడు టీలకు 24. ఇక్కడికే 300. పప్పు, కూర, పాలు, పండు కలిస్తే 350 దగ్గరికి వెళ్తుంది. గ్రాముకు 4 కేలరీల చొప్పున 1,400. రోజుకు 2,000 కేలరీలు సరిపోయే మనిషికి ఇది 70 శాతం. మలై కాజా, కూల్‌డ్రింకు జోలికి పోకుండానే, ‘తీపి అస్సలు తినను’ అన్నవాళ్ల లెక్కే ఇది.

ఎంత ఉండాలి? ఇండియాబ్ సర్వేలో 18 వేలమందికి పైగా తిండి వివరాలు విశ్లేషించి 2022లో డయాబెటిస్ కేర్ పత్రికలో ఒక అంచనా ప్రచురించారు. కొత్తగా సుగరు బయటపడినవాళ్లు దాన్ని వెనక్కి మళ్లించాలంటే పిండిపదార్థం నుంచి వచ్చే కేలరీలు 49 నుంచి 54 శాతం, మాంసకృత్తుల నుంచి 19–20 శాతం ఉంటే మేలన్నది దాని సారాంశం. మాంసకృత్తుల వాటా మన ఇళ్లలో అందులో సగం దగ్గర తచ్చాడుతుంది. 2,000 కేలరీల మనిషికి 50–54 శాతం అంటే పిండిపదార్థం 250 నుంచి 270 గ్రాములు. 350 నుంచి అక్కడికి రావాలంటే పూటకు 150 గ్రాముల బియ్యాన్ని 90కి తగ్గిస్తే చాలు. రెండు పూటలకూ కలిపి పిండిపదార్థం 94 గ్రాములు తగ్గి, 256 దగ్గర నిలుస్తుంది. అన్నం మానెయ్యమని ఎవరూ అనట్లేదు. 90 గ్రాముల బియ్యమంటే పావుకిలో అన్నం.

తగ్గించిన ఆ 94 గ్రాములకు దాదాపు 380 కేలరీలు. దాని బదులు రెండు గుడ్లకు 140, వంద గ్రాముల చేపకు 100, పాతిక గ్రాముల వేరుశెనగ గుళ్లకు 140 పెట్టండి, సరిగ్గా సరిపోతాయి. మాంసాహారం లేని ఇంట్లో చిక్కగా ఉడికిన కందిపప్పు, అలసందలు, ఉలవగుగ్గిళ్లు, పెరుగు. ఒళ్లు తగ్గాల్సినవాళ్లు అన్నీ భర్తీ చేసుకోనక్కర్లేదు, కొంత లోటు ఉంచుకోవచ్చు. ఆ లోటు వల్ల కాలేయంలో పేరుకున్న కొవ్వే మొదట కరుగుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ పేరుతో జరిగిన ప్రయోగంలో కఠినమైన తక్కువ కేలరీల తిండితో బరువు తగ్గించి, ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందుల్లేకుండా సుగరును మధుమేహం గీత కిందికి తేగలిగారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. సుగరొచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే అందులో తీసుకున్నారు. తొలి సంవత్సరాల్లో పట్టుకుంటే వెనక్కి తిప్పే అవకాశం ఎక్కువ అన్నది మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

అసలు కష్టం మన వంట తీరులో ఉంది. మన కూరలు అన్నాన్ని లాగడానికి పుట్టాయి. నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. బొచ్చె ముక్కో, శీలావతి ముక్కో ఒక్కటే కంచంలో పడుతుంది, పుల్లటి కారపు పులుసు మాత్రం గరిటెలకొద్దీ. ఆ పులుసు ఒట్టిగా తినలేం, దానికి అన్నం కావాలి, ఇంకాస్త కావాలి. ఎర్రకారం, ఊరగాయ, పచ్చిపులుసు, చారు అన్నీ అంతే. ‘ఇంకొక్క ముద్ద పెట్టుకో మామా’ అని కోడలు గరిటెతో నిలబడేది అన్నానికే, ముక్కకు కాదు. అందుకే ‘అన్నం తగ్గించు’ అని ఒక్కమాట చెప్పి పంపితే ఆ మనిషి ఆకలితో ఇంటికెళ్లి, నాలుగోరోజుకు మళ్లీ కుప్ప పెట్టించుకుంటాడు. పులుసులో ముక్కలు రెండు మూడు వేయించుకుని, పులుసు పలచన తగ్గించి, వంకాయో బెండకాయో గోరుచిక్కుడో పక్కన రెండు గరిటెలు పెట్టుకుంటే ఆ పావుకిలో అన్నం చాలినట్టే ఉంటుంది. వండే మనిషిని వదిలేసి తినే మనిషికి మాత్రమే చెప్పే సలహా మన ఇళ్లలో నిలవదు. డాక్టరు దగ్గరికి మొగుడు వెళ్తే పెళ్లాం కూడా వెళ్లాలి.

బియ్యం మానేసి కొర్రలు తినొచ్చు కదా అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్ వలీ సిరిధాన్యాల ప్రచారంతో తెలుగు ఊళ్లలో ఆ మాట బాగా పాకింది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. మన మెట్టభూముల గింజలకు మర్యాద తిరిగి రావడం సంతోషించాల్సిన విషయమే. సజ్జల్లోనూ రాగుల్లోనూ వందకు 11 గ్రాముల పీచు, తెల్లబియ్యంలో 3 గ్రాములలోపే. రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు. కానీ పిండిపదార్థం? బియ్యంలో 78, రాగుల్లో 67, సజ్జల్లో 62. తేడా ఉంది గానీ, కుప్పను కుప్పగా ఉంచి గింజ మార్చినంత మాత్రాన పనయ్యేంత తేడా కాదది. రాగుల్ని మెత్తగా విసిరి జావ కాస్తే అది ఇంచుమించు అన్నమంత వేగంగానే సుగరు పెంచగలదు. 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఇండియాబ్ పత్రం 1,21,077 మంది వివరాలతో ఇదే తేల్చింది. భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. వాటిని తగ్గించకుండా తెల్లబియ్యం స్థానంలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెడితే ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. అదే 5 శాతం కేలరీలను పిండిపదార్థం నుంచి పప్పుల, పాల మాంసకృత్తులకు మారిస్తే తగ్గింది. కొర్రన్నమైనా, వరన్నమైనా గరిటె లెక్క ఒక్కటే.

బియ్యంలో రకాల మధ్య తేడా లేకపోలేదు. 1981లో టొరొంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలబద్ద కనిపెట్టింది. గ్లూకోజును 100 అనుకుంటే మిగతా తిండి దానితో పోలిస్తే రక్తంలో సుగరును ఎంత లేపుతుందో అది చెబుతుంది. చెన్నైలో కొలిచి 2012లో ప్రకటించిన దాని ప్రకారం సోనామసూరి 72, పొన్ని 70, సూర్తి కోలం 77. మన బాపట్ల సాంబమసూరికి ఆకుఎండు తెగులు తట్టుకునే గుణం చేర్చి, హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబమసూరికి అది 51 దగ్గర ఉందని ఆ సంస్థలు ప్రకటించాయి. దొరికితే వాడుకోవచ్చు. చద్దన్నం గురించి వినే గొప్పలు మాత్రం కాస్త తగ్గించుకోవాలి. అన్నం చల్లారితే కొంత పిండి అరగని రూపంలోకి మారడం నిజమే. కొలిచి చూస్తే వందగ్రాముల అన్నంలో 0.64 గ్రాములున్నది, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేశాక 1.65 గ్రాములైంది. మిగతా పాతిక గ్రాములకు పైగా పిండి అలాగే ఉంది.

తినే వరస మార్చడం వల్ల ఎక్కువ ప్రయోజనం కనిపించింది. న్యూయార్క్‌లో 2015లో 11 మంది సుగరు రోగులతో చిన్న ప్రయోగం చేశారు. అవే పదార్థాలు, అదే పరిమాణం. కూరగాయలు, మాంసం ముందు తిని చివర్లో పిండి పదార్థం తిన్నరోజున, గంట తర్వాత చూసిన సుగరు 37 శాతం దాకా తక్కువగా ఉంది. మనుషుల సంఖ్య చూస్తే చిన్నదే గానీ మన ఇంట్లో ఖర్చు లేకుండా చేసి చూడదగింది. ముందు గుడ్డు, కూర, పప్పు కాస్త ఒట్టిగా తిని, తర్వాత అన్నం కలుపుకోవడమే. భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడవడం కూడా అలాంటిదే. పనిచేస్తున్న కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. తెల్లారగట్ల గంట నడిచేవాళ్లు రాత్రి అన్నం తిని వెంటనే మంచమెక్కుతున్నారు. ఆ గంటలో పావుగంట రాత్రికి మార్చుకుంటే బాగుంటుంది.

అన్నం పూర్తిగా మానేసే పద్ధతి కూడా మన జిల్లాల్లో ఒక పెద్ద గాలిలా వీచింది. వీరమాచినేని రామకృష్ణ చెప్పిన విధానంలో ధాన్యాలు పక్కనపెట్టి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నెయ్యిలాంటి కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు తీసుకోమన్నారు. పల్లెటూరి కిరాణా కొట్లలో కూడా కొబ్బరినూనె వంటకు అడిగిన రోజులవి. సుగరు, ట్రైగ్లిజరైడ్లు అందులో తగ్గడానికి శాస్త్రీయమైన కారణం ఉంది. పైన చెప్పిన దారిలో ముడిసరుకే ఆగిపోయింది గదా. తూకం తప్పేది ఎల్‌డీఎల్ దగ్గర. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ గ్రాహకాల పని మందగిస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే. దాన్ని ఇతర వంటనూనెలతో పోల్చిన 16 ప్రయోగాలను 2020లో కలిపి లెక్కిస్తే, ఎల్‌డీఎల్ సగటున 10 పాయింట్లు పెరిగింది. కొందరి ఒంట్లో ఆ పెరుగుదల చాలా ఎక్కువ, మనకు ముందుగా తెలియదు. కాబట్టి రెంటినీ వేరు చేసి పట్టుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ అన్నం మాట వింటాయి. ఎల్‌డీఎల్ వినదు. దానికి నెయ్యి, డాల్డా, కొబ్బరినూనె, పామాయిల్ తగ్గించడం, పీచు పెంచడం, అవసరమైతే స్టాటిన్ మాత్ర. సుగరుండి నలభై దాటినవాళ్లకు డాక్టరు స్టాటిన్ రాసిస్తే, ‘అన్నం తగ్గించాను కదా’ అని దాన్ని ఆపెయ్యడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పచ్చసొన మీద మాత్రం ఇంత కక్ష అక్కర్లేదు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది, రోజుకో గుడ్డు మొత్తం తిన్నా చాలామందిలో పెద్ద మార్పు రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లు ఉన్నట్టుండి అన్నం సగం చేస్తే సుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు, రాత్రిళ్లయితే నిద్రలోనే స్పృహ తప్పడం. మాత్ర మోతాదు, అన్నం మోతాదు ఒకేసారి సరిచూడాలి, అది డాక్టరుతో కూర్చుని చేయాల్సిన పని. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే, మీటరులో సుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయమైపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు మాంసకృత్తులు పెంచేముందు అడిగి తీరాలి. గర్భిణులు, చిన్నతనంలోనే ఇన్సులిన్ మీద పడ్డ పిల్లలు ఈ ప్రయోగాల జోలికి సొంతంగా పోకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు సుగరు పడిపోయే భయం తక్కువ.

ఇదంతా చదివి ఒక కూలీమనిషి అడగగల ప్రశ్న నన్ను వదలదు. బియ్యం ఊరికే వస్తున్నాయి, గుడ్లూ చేపలూ పప్పూ ఊరికే రావు కదా? నిజం. రోగం తగ్గించే తిండి కొనుక్కోవాలి, రోగం పెంచే తిండి సంచిలో ఇంటికొస్తోంది. రేషన్‌లో బియ్యంతోపాటు పప్పు ఎంత ఉంది, చిరుధాన్యం ఎంత ఉంది అన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే. ఆ వాటాలు మారేదాకా చేతిలో ఉన్నవి చూసుకుంటే, ఉలవలు మన మెట్టలో పండుతాయి, వాటిలో వందకు 22 గ్రాముల మాంసకృత్తులు, కందిపప్పుతో సమానం. మునగాకు, గోంగూర, చింతచిగురు దొడ్లో దొరుకుతాయి. మిగిలిన రేషన్ బియ్యం అమ్మి గుడ్లు కొనే ఇళ్లు ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టాలని నాకు అనిపించదు.

మార్పు పని చేస్తోందో లేదో కాగితం మీద చూసుకోవచ్చు. మీటరుంటే భోజనానికి ముందు, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూడండి. 150 గ్రాముల బియ్యం తిన్నరోజూ, 90 తిన్నరోజూ పక్కపక్కన రాసుకుంటే తేడా కళ్లకు కడుతుంది. మూడు నెలల సుగరు అనే హెచ్‌బీఏ1సీ పేరుకు తగ్గట్టే మూడు నెలలకోసారి చాలు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో అది తప్పుదోవ పట్టించవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కన చూడాలి. ట్రైగ్లిజరైడ్లకు రాత్రి తిన్నాక పది పన్నెండు గంటలు పరగడుపున ఉండి ఇచ్చిన రక్తమైతే పోల్చుకోవడానికి బాగుంటుంది. అవి 500 దాటితే తిండి మార్పుతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి, క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది. అన్నం తగ్గించిన ఎనిమిది, పన్నెండు వారాలకు ట్రైగ్లిజరైడ్లు దిగి ఎల్‌డీఎల్ మాత్రం 130 మీదే ఉంటే, ఇంకో గరిటె అన్నం తగ్గించి ప్రయోజనం లేదు. ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లి స్టాటిన్ గురించి మాట్లాడాలి.